మబ్బు పట్టిన చెన్నైలో జెమినిడ్ల రాత్రి: మేడ ఎక్కాలా, ముసుగు తన్నాలా?

వేళచేరి వాసి
డిసెంబరు 13, ఉదయం 9:40

సభ్యులందరికీ నమస్కారం. ఏటా డిసెంబరులో వచ్చే జెమినిడ్ల ఉల్కాపాతం ఈ రాత్రి ముమ్మరంగా ఉంటుందని నెల రోజుల ముందే క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాము. ఈ ఏడు వెన్నెల బెడద కూడా లేదు. తీరా రోజు దగ్గర పడేసరికి బంగాళాఖాతంలో అల్పపీడనం వచ్చి కూర్చుంది. ఇక్కడ తెల్లవారుజామున రెండు జల్లులు పడ్డాయి. ఇది రాస్తున్న సమయానికి ఎండా లేదు, వానా లేదు, ఆకాశమంతా ఒకే ముద్దగా ఉంది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి గంటకు 150 ఉల్కలు కనబడతాయని ఎక్కడో చదివి, లెక్క రాసుకోవడానికి కొత్త నోటుపుస్తకం తీసి గళ్ళు కూడా గీసి పెట్టుకుంది. దానికి ఏమని చెప్పాలో తోచడం లేదు. కారు తీసుకొని ఏలగిరి కొండకో కావలూరు వైపో పోవడం మేలా, మా అపార్టుమెంటు మేడ మీదనే ప్రయత్నించడం మేలా, లేక ఈ ఏటికి ఆశ వదులుకోవడమే మంచిదా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరు. మా దగ్గర రాత్రి పది దాటితే మేడ తాళంచెవి ఇవ్వరు. కార్యదర్శి గారిని ముందుగానే బతిమాలుకోవాలి కనుక సాయంత్రంలోగా సమాధానం వస్తే సంతోషిస్తాను.

మిద్దెమీది మనిషి
డిసెంబరు 13, ఉదయం 11:05

వేళచేరి వాసి గారూ, ముందు ఆ 150 సంగతి తేల్చుకుందాము, ఎందుకంటే నిరాశ అంతా ఆ అంకె దగ్గరే మొదలవుతుంది. ఉల్కలు వెలువడుతున్నట్టు కనబడే బిందువు సరిగ్గా నడినెత్తిన ఉండి, 6.5 పరిమాణం (నక్షత్రపు వెలుగుకు కొలత, అంకె పెరిగే కొద్దీ మసక) దాకా మసక నక్షత్రాలు కంటికి ఆనేంత చీకటి ఉండి, ఎక్కడా మబ్బు తునక లేనప్పుడు ఒక మనిషి ఒక గంటలో చూడగల సంఖ్య అది. వేళచేరిలో మబ్బు లేని రాత్రి కూడా 4వ పరిమాణం దాటి కనబడడం కష్టం. జెమినిడ్లలో ఒక్కొక్క పరిమాణం కోల్పోయే కొద్దీ కనబడే ఉల్కలు సుమారు 2.6 రెట్లు తగ్గుతాయి కనుక, రెండున్నర పరిమాణాలు పోయేసరికి 150 కాస్తా పద్నాలుగుకు దిగుతుంది. మన అక్షాంశం 13 డిగ్రీలు. ఆ బిందువు ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, ఉత్తరాన 33 డిగ్రీల దగ్గర ఉంది. అంటే రాత్రి 2 గంటల ప్రాంతంలో అది 70 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, కాబట్టి ఎత్తు వల్ల పోయేది స్వల్పమే, పదమూడు అనుకోండి. ఆకాశంలో సగం మబ్బు ఉంటే ఆరు లేదా ఏడు. గంటకు ఆరు కనబడితే గెలిచినట్టేనని అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచండి, లేకపోతే మేడ మీద పది నిమిషాలు గడిచేసరికి అలిగి కిందికి దిగిపోతుంది.

ఇక ప్రయాణం మాట. అల్పపీడనపు మేఘం వందల కిలోమీటర్ల మేర పరుచుకొని ఉంటుంది కనుక, రెండు వందల కిలోమీటర్లకు పైగా నడిపి ఏలగిరి చేరినా అదే మబ్బు కింద నిలబడే అవకాశమే ఎక్కువ. కావలూరులో వైను బప్పు వేధశాల ఉన్నది నిజమే, అక్కడి 2.34 మీటర్ల దుర్భిణి ఎంతో పేరు పొందినదీ నిజమే, కానీ చాప పరుచుకొని పడుకోవడానికి అది విహారస్థలం కాదు. తడి రోడ్డు మీద నిద్ర కళ్ళతో తిరిగి రావడం ఒకటి.

మేడ మీదనే ఉండమనడానికి మరొక కారణం ఉంది. ఈశాన్య ఋతుపవనాల కాలంలో మన తీరానికి రాత్రివేళ సముద్రం మీది నుంచి మబ్బులు గుంపులు గుంపులుగా వస్తాయి. ఒక గుంపు దాటి మరొకటి వచ్చేలోగా పది ఇరవై నిమిషాల సందు దొరుకుతుంది. అప్పుడే జల్లు పడి వెలిసినందువల్ల గాలిలో దుమ్ము కడుక్కుపోయి, ఆ సందులో ఆకాశం మామూలు రాత్రుల కంటె తేటగా ఉంటుంది. పునర్వసు నక్షత్రాల జంట దగ్గరే చూపు పెట్టుకొని కూర్చోనక్కర లేదు. ఉల్క ఎటైనా రాలుతుంది. దాని తోకను వెనక్కి పొడిగిస్తే పునర్వసు వైపు పోతే చాలు, అది జెమినిడే. ఏ మూల పెద్ద సందు ఉంటే ఆ మూలకు తిరిగి పడుకోండి.

ఉరుము వినబడితే మాత్రం ఆలోచించకుండా కిందికి దిగిపోవాలి. నీళ్ళ ట్యాంకు పక్కన, ఇనుప నిచ్చెన పక్కన, బట్టలు ఆరేసే తీగ కింద కూర్చోవద్దు.

కోరమంగళ కృత్తిక
డిసెంబరు 13, మధ్యాహ్నం 12:30

మేము బెంగళూరులో ఉన్నాము. ఇక్కడ ప్రస్తుతానికి పల్చని మబ్బు మాత్రమే ఉంది, అందుకని మేము నలుగురం నగరం దాటి నంది కొండ కింది పొలాల వైపు వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. కొండ మీదికి రాత్రివేళ పోనివ్వరు. మా కష్టం మీ కష్టం వంటిది కాదు. డిసెంబరులో రెండు, మూడు గంటల తరువాత పొగమంచు నేల మీదనే పుట్టి కమ్ముకుంటుంది. ఉల్కలు బాగా కనబడవలసిన వేళ, మంచు దిగే వేళ ఒకటే కావడం మా ఖర్మ. ఆగస్టులో పెర్సీడ్ల ఉల్కాపాతానికి ఇంతకన్నా అన్యాయం జరుగుతుంది: నైఋతి మబ్బు ఉండనే ఉంటుంది, పైగా ఆ ఉల్కల బిందువు 58 డిగ్రీల ఉత్తరాన ఉన్నందువల్ల మనకు 45 డిగ్రీల ఎత్తు దాటి రాదు, అదీ తెల్లవారబోయేటప్పుడు. విదేశాల వాళ్ళు పెర్సీడ్లను పండుగలా చెప్పుకోవడం చూసి మన పిల్లలు మోసపోతుంటారు. దక్షిణాదిన ఉన్న మనకు ఏటా చూడదగ్గది జెమినిడ్లే.

వేళచేరి వాసి
డిసెంబరు 13, సాయంత్రం 6:50

అందరికీ కృతజ్ఞతలు. తాళంచెవి చేతికి వచ్చింది. "వానలో మేడ మీద ఏం చూస్తారండీ" అని కార్యదర్శి గారు రెండుసార్లు అడిగారు. సంతకం పెట్టించుకొని ఇచ్చారు. ఒక సందేహం. ఇప్పుడే ఉపగ్రహ చిత్రం చూశాను. ఇన్సాట్ పంపిన పరారుణ చిత్రంలో చెన్నై మీద నల్లగా, అంటే నిర్మలంగా ఉన్నట్టు కనబడుతున్నది. కిటికీ తీసి చూస్తే ఒక్క చుక్క లేదు. దేన్ని నమ్మాలి?

మిద్దెమీది మనిషి
డిసెంబరు 13, రాత్రి 7:15

కిటికీని నమ్మండి. పరారుణ చిత్రం చూపేది ఉష్ణోగ్రతను. ఎత్తైన మేఘం పైభాగం బాగా చల్లగా ఉంటుంది కనుక తెల్లగా వస్తుంది. ఒక కిలోమీటరు లోపు ఎత్తులో ఉన్న పొర మబ్బు, కింది నేల దాదాపు ఒకే వెచ్చదనంలో ఉంటే ఆ చిత్రంలో రెండూ కలిసిపోతాయి. ఆ చిత్రాన్ని నమ్మి వంద కిలోమీటర్లు పోయి, కారులోనే నిద్రపోయి వచ్చినవాణ్ణి నేను. అయినా ఆ చిత్రం ఒక మంచి కబురే చెబుతున్నది: మీ మీద ఉన్నది పల్చని కింది పొర మాత్రమే, దాని పైన గుట్టలు గుట్టలుగా వాన మబ్బు లేదు. అటువంటి పొర గాలి మారితే విచ్చుకుంటుంది. పన్నెండున్నరకు అలారం పెట్టుకొని ఇప్పుడు నిద్రపోండి, లేచాక రాడారు చిత్రంలో జల్లుల వరుస ఎటు కదులుతున్నదో అరగంటకొకసారి చూసుకోండి.

గిండీ గణకుడు
డిసెంబరు 13, రాత్రి 8:02

ఉత్సాహం మీద నీళ్ళు చల్లుతున్నానని అనుకోవద్దు గానీ, మబ్బుల రాత్రి లెక్క వల్ల ఎవరికి ప్రయోజనమో నాకు అర్థం కావడం లేదు. గంటలో మూడు ఉల్కలు చూశారనుకోండి. కాంతి కాలుష్యానికి పదకొండు రెట్లు, మబ్బుకు రెండు రెట్లు కలిపి ఇరవై రెండుతో హెచ్చిస్తే 66 వస్తుంది. మూడు అన్న సంఖ్యలోనే దాదాపు 1.7 అటూ ఇటూ అనిశ్చితి ఉన్నది. దానిని కూడా ఇరవై రెండుతో హెచ్చించాలి. 66కు అటూ ఇటూ 38 అంటే దానిని కొలత అనలేము. అంతర్జాతీయ ఉల్కా సంస్థ 1988 నుంచి ప్రపంచమంతటి పరిశీలకుల లెక్కలను సేకరిస్తున్నది; మన మేడ మీది మూడు ఉల్కలు అక్కడికి పంపి వాళ్ళ పట్టికను పాడు చేయవద్దని నా మనవి.

మిద్దెమీది మనిషి
డిసెంబరు 13, రాత్రి 8:20

పంపమని ఎవరూ అనలేదండీ. మీ గణితంతో నాకు తగవు లేదు. అయితే ఎంత శాతం మబ్బు ఉన్నదో పావుగంటకొకసారి అంచనా వేసి రాయడం, కనబడే అతి మసక నక్షత్రం ఏదో గుర్తించడం, మాటల్లో పడి పోయిన నిమిషాలను తీసివేయడం, ఇవన్నీ చేయి తిరగవలసిన పనులు. ఇవి నేర్చుకోవడానికి చెడ్డ రాత్రి పనికివచ్చినంతగా మంచి రాత్రి పనికిరాదు, ఎందుకంటే మంచి రాత్రి ఉల్కలు చూడడంతోనే సరిపోతుంది. ఉదాహరణకు మసక నక్షత్రం తెలుసుకోవడానికి పిల్లలకోడిని, అంటే కృత్తికల గుంపును చూడమనండి. అందులో నాలుగు విడివిడిగా కనబడితే హద్దు 4 దగ్గర ఉన్నట్టు. ఆరు కనబడితే 4.3 దాటినట్టు; ఒక మసక ముద్దలాగా మాత్రమే తోస్తే, ఆ పూట వీధి దీపాలదే రాజ్యం.

ఇద్దరు చూస్తుంటే ఎవరి లెక్క వారిదే. నాన్న నాలుగు, కూతురు ఏడు, మొత్తం పదకొండు అని కలపకూడదు. ఒకే ఉల్కను ఇద్దరూ చూసి ఉంటారు.

తరంగశ్రోత
డిసెంబరు 13, రాత్రి 9:10

మబ్బును లెక్క చేయని దారి ఒకటి ఉంది కనుక ఆ మాట చెప్పి పోతాను. ఉల్క 80 నుంచి 110 కిలోమీటర్ల ఎత్తులో కాలిపోతూ తన వెనుక అయనీకరణం చెందిన (విద్యుదావేశం పొందిన) గాలి చారను వదులుతుంది. ఆ చార ఎఫ్ఎం తరంగాలను అద్దంలాగా కిందికి తిప్పుతుంది. అందువల్ల మన ఊళ్ళో ఏ స్టేషనూ లేని ఒక పౌనఃపున్యం మీద రేడియోను పెట్టి, మామూలు బుసబుస వింటూ కూర్చుంటే, వెయ్యి కిలోమీటర్ల అవతల అదే పౌనఃపున్యం మీద ప్రసారమవుతున్న స్టేషను అర సెకను పాటు పలికి మాయమవుతుంది. నేను బెంగళూరు శివారులో ఉంటాను. మేడ మీద అయిదు పుల్లల యాంటెన్నా, లోపల కంప్యూటరుకు తగిలించిన చిన్న రిసీవరు, అంతే నా సరంజామా. నిరుడు ఇదే రాత్రి బుసబుస మధ్యలో ఎవరో ఆడమనిషి హిందీలో "నమస్కా" అన్నంత వరకు వినిపించి ఆగిపోయింది. మిగిలిన "ర్" ఎక్కడ రాలిందో ఆ ఉల్కకే తెలియాలి.

చెన్నై నడిబొడ్డున ఖాళీ పౌనఃపున్యం దొరకడం కష్టం, విమానాలు కూడా తరంగాలను తిప్పి తికమక పెడతాయి. విమానపు ప్రతిధ్వని నెమ్మదిగా వణుకుతూ వస్తుంది, ఉల్కది ఒక్కసారి లేచి పడిపోతుంది. మెరుపు మెరిస్తే అన్ని పౌనఃపున్యాల మీదా ఒకేసారి పటపటలాడుతుంది. ఇది ఇంటి ఆట మాత్రమే అనుకోవద్దు: తిరుపతికి దగ్గరలోని గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పెద్ద రాడారు ఉంది, వెయ్యికి పైగా యాంటెన్నాల పొలం అది, ఉల్కలు దాని కంట కూడా పడతాయి. ఉల్క చార పై గాలికి ఎటు కొట్టుకుపోతున్నదో కొలిచి, బెలూను చేరలేని ఎత్తులో గాలి వేగం తెలుసుకుంటారు.

పాత చెన్నపట్నం
డిసెంబరు 13, రాత్రి 9:55

మబ్బు, ఉల్కలు, చెన్నై అన్న మూడు మాటలు ఒకచోట చూసి ఊరుకోలేకపోయాను. ఈ ఊరికి ఈ బాధ ఈనాటిది కాదు.

బీలా తోకచుక్క 1846లో రెండు ముక్కలైంది, 1852 తరువాత ఎవరికీ కనబడలేదు. 1872 నవంబరు 27 రాత్రి ఐరోపాలో వేల కొద్దీ ఉల్కలు రాలాయి. అవి ఆ తోకచుక్క దారిలో ఉన్న ధూళేనని అప్పటికప్పుడే పోల్చుకున్నారు. జర్మనీలోని గాటింగెన్‌లోని క్లింకర్‌ఫ్యూస్ అనే ఖగోళవేత్తకు ఒక ఆలోచన తట్టింది: ఉల్కలు ఏ దిక్కు నుంచి వచ్చాయో దానికి ఎదురు దిక్కున తోకచుక్క భూమిని దాటి పోతూ ఉండాలి. ఆ దిక్కు దక్షిణాకాశంలో సెంటారస్ మండలం వైపు పడింది, ఐరోపా నుంచి చూడ వీలుకాదు. వెంటనే మద్రాసు వేధశాలలోని పోగ్సన్‌కు తంతి కొట్టాడు: బీలా 27న భూమిని తాకింది, తీటా సెంటారీ నక్షత్రం దగ్గర వెదకండి అని. నవంబరు 30న తంతి అందింది. ఆపైన రెండు తెల్లవారుజాములు, ఆ వేధశాల ఉన్న నుంగంబాకంలో మబ్బు, వాన. మూడో పూట మబ్బుల మధ్య కాసేపు నీలం సందు దొరికింది, ఆ సందులోనే ఆయనకు ఒక తోకచుక్క కనబడింది! మరుసటి పూట మళ్ళీ కనబడింది. ఆ తరువాత మబ్బు మూసుకుంది, మరెన్నడూ దానిని ఎవరూ చూడలేదు. కక్ష్య కట్టాలంటే కనీసం మూడు పరిశీలనలు కావాలి. ఆయన దగ్గర ఉన్నవి రెండు పూటలవే. అది బీలా కాదని తరువాతి వారు లెక్కలు వేసి చెప్పారు. మరి ఏమిటన్నది ఇప్పటికీ తేలలేదు. ఒక్క పూట మబ్బు తెరిపి ఇచ్చి ఉంటే ఆ కథ ముగిసేది.

మిద్దెమీది మనిషి గారు పొద్దున పరిమాణాల లెక్క వేశారు కదా. అయిదు పరిమాణాలంటే వెలుగులో వంద రెట్ల తేడా అని 1856లో ఆ కొలబద్దకు కట్టుబాటు ఏర్పరచినదీ ఈ పోగ్సనే. ఆయన వద్ద సహాయకుడిగా పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో వెలుగు మారుతుండే ఒక చంచల తారను కనుగొని, 1872లోనే రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడయ్యాడు. ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడు ఆయన. ఆ వేధశాల ఆవరణలోనే నేటి ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఉంది. 1792 నాటి నల్లరాతి స్తంభం ఒకటి ఇంకా అక్కడ నిలిచి ఉంది; దాని మీది శాసనం లాటిన్, తమిళం, హిందుస్తానీలతో పాటు మన తెలుగులో కూడా చెక్కి ఉంది. తుపాను హెచ్చరికలు వెలువడే చోట నక్షత్రాల కోసం నాటిన తెలుగు రాయి ఉన్నదని తలచుకున్నప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది.

గిండీ గణకుడు
డిసెంబరు 13, రాత్రి 10:12

రెండు పరిశీలనలతో కక్ష్య కట్టలేకపోయారని మీరే అన్నారు. నేను చెప్పినదీ అదే కదా. అయినా కథ బాగుంది. నేను కూడా మేడ ఎక్కుతాను, లెక్క మాత్రం రాయను.

మిద్దెమీది మనిషి
డిసెంబరు 13, రాత్రి 10:30

2016 డిసెంబరు 12న వర్దా తుపాను నగరం మీదనే తీరం దాటిన సంగతి ఇక్కడ ఎవరూ మరచి ఉండరు. మా వీధిలో చెట్లన్నీ పడిపోయాయి, కరెంటు లేదు. మరునాడే జెమినిడ్ల రాత్రి. చెన్నైలో పుట్టి బుద్ధెరిగిన తరువాత వీధి దీపం లేని ఆకాశం మొదటిసారి దొరికిందని మంచినీళ్ళ బిందె పక్కన పెట్టి మేడ ఎక్కాను. తూర్పున నిండు చందమామ! ఆ రాత్రి పేపరు కూడా చదవగలిగేవాణ్ణి. దానితో పోలిస్తే ఈ మబ్బు నాకు చుట్టమే.

వేళచేరి వాసి
డిసెంబరు 14, తెల్లవారుజామున 1:38

మేడ మీద ఉన్నాము. ఫోను వెలుతురు ఎర్ర కాగితం వేసి తగ్గించాను. నేల తడిగా ఉంది, టార్పాలిన్ పరిచి దాని మీద చాప వేశాము. దోమలు. పడమట సందు తెరుచుకుంటున్నది.

కోరమంగళ కృత్తిక
డిసెంబరు 14, తెల్లవారుజామున 2:25

ఒంటిగంటన్నర దాకా పందొమ్మిది చూశాను. ఆపై పావుగంటలో మంచు కమ్మింది. ఇప్పుడు పది అడుగుల దూరంలో ఉన్న కారు కూడా కనబడడం లేదు. కెమెరా కటకం మీద నీరు పట్టి చివరి నలభై చిత్రాలూ పాలలో ముంచినట్టు వచ్చాయి. కటకం చుట్టూ వెచ్చని గుడ్డ చుట్టవలసింది. తెలిసి ఉండి కూడా ఇంట్లో మరచి వచ్చాను. తిరిగి రావడానికి మంచు విడేదాకా ఆగుతాము.

వేళచేరి వాసి
డిసెంబరు 14, ఉదయం 8:15

నిద్ర చాలలేదు గానీ వివరాలు రాసి పెడతాను. 1:45 నుంచి 3:15 దాకా, గంటన్నర సేపు పరిశీలించాము. మబ్బు సగటున అరవై శాతం ఉన్నట్టు అమ్మాయి రాసింది. పిల్లలకోడిలో నాలుగు చుక్కలు. అమ్మాయికి ఏడు జెమినిడ్లు, ఏ ఉల్కాపాతానికీ చెందనిది ఒకటి. నాకు నాలుగు, అందులో మూడు ఇద్దరికీ ఉమ్మడివి. మధ్యలో జల్లు వచ్చి పన్నెండు నిమిషాలు మెట్ల గదిలో నిలబడ్డాము, ఆ సమయం తీసివేశాము. ఒకటి మాత్రం రెండు మబ్బు తునకల మధ్య పుట్టి, మబ్బు వెనక్కి పోయి, అవతలి సందులో మళ్ళీ తేలి ఆరిపోయింది. మా అమ్మాయి దాన్ని ఒకటిగా రాయాలా రెండుగా రాయాలా అని నన్ను అడిగేటంత నిదానంగా పోయింది.

మరొక సందేహం. 2:47కు పడమటి మబ్బు లోపలి నుంచి ఒక్కసారి తెల్లగా వెలిగింది. ఉరుము వినబడలేదు. అది మబ్బు వెనుక పెద్ద ఉల్క అయి ఉంటుందా?

గిండీ గణకుడు
డిసెంబరు 14, ఉదయం 9:00

పరీక్షిద్దాము. గంటకు పదమూడు, చూసినది జల్లు పోను 1.3 గంటలు, తెరిచి ఉన్న ఆకాశం నలభై శాతం: రావలసినది ఏడుకు కొంచెం తక్కువ. అమ్మాయి లెక్క ఏడు. నిన్న నేను అన్న మాట వెనక్కి తీసుకోను, ఏడులో అనిశ్చితి ఇంకా 2.6 ఉంది. అయినా మబ్బు శాతం అంత సరిగ్గా రాసిన పిల్లను మెచ్చుకోకుండా ఉండలేను. వెలుగు విషయానికి వస్తే దూరపు మెరుపుకు ఉరుము వినబడదు. ఇరవై కిలోమీటర్లు దాటితే దాదాపు ఎప్పుడూ వినబడదు.

తరంగశ్రోత
డిసెంబరు 14, ఉదయం 9:45

నా రికార్డింగులో 2:46:50 ప్రాంతంలో తొమ్మిది సెకన్ల పొడవైన ప్రతిధ్వని ఉంది. అంత సేపు నిలిచినది పెద్ద ఉల్కే. కానీ నేను బెంగళూరులో వింటున్నాను, నాకు తరంగాన్ని తిప్పడానికి చార ఒక ప్రత్యేకమైన కోణంలో ఉండాలి. మీరు చూసిన ఉల్కే నాకు వినబడాలన్న నియమం లేదు. పైగా మీ గడియారం సెకన్ల దాకా సరిగా ఉన్నదో లేదో తెలియదు. మెరుపు పటపట ఆ నిమిషంలో నాకు నమోదు కాలేదు, మీ దగ్గరి మెరుపు ఇక్కడిదాకా రాకపోవడమూ జరగవచ్చు. నోటుపుస్తకంలో "2:47, మబ్బులో వెలుగు, కారణం తెలియదు" అని రాయించండి.

వేళచేరి వాసి
డిసెంబరు 14, సాయంత్రం 5:30

అలాగే రాసింది. "కారణం తెలియదు" కింద రెండు గీతలు కూడా గీసింది. ఉచ్చదశ దాటిన మరునాడు సంఖ్య తగ్గినా పెద్ద ఉల్కల పాలు ఎక్కువగా ఉంటుందని ఎక్కడో చదివి ఈ రాత్రి కూడా ఎక్కుదామంటున్నది. తాళంచెవి ఇంకా తిరిగి ఇవ్వలేదు. అడయారు వైపు ఇప్పుడే ఒక జల్లు మొదలైందని మా తమ్ముడు ఫోను చేశాడు.